ఈ ఆర్.టి.సి. బస్సు కాదు

ఆర్.టి.సి. అనగానే మన జంక్షన్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది బస్సే. ఒకవైపు విజయవాడ, ఒకవైపు ఏలూరు, పైకి పోతే నూజివీడు, కిందికి పోతే గుడివాడ. ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడి నాలుగు దిక్కులకూ పోయే బస్సుల బోర్డులు చదువుతూ అక్షరాలు గట్టిపరుచుకున్నవాళ్లం మనం. అయితే ఈ వ్యాసం ఆ ఆర్.టి.సి. గురించి కాదు. రియల్ టైమ్ క్లాక్ అనే ఇంకో ఆర్.టి.సి. ఉంది. అది ఎనిమిది కాళ్లున్న ఒక చిన్న చిప్పు. కరెంటు ఉన్నా పోయినా, మనం మేలుకున్నా నిద్రపోయినా, సెకన్లు లెక్కపెడుతూ కూర్చోవడమే దాని పని.

మన హాస్టల్ వరండాలో స్టోర్ రూమ్ తలుపు పక్కన గోడకు బిగించిన ఆకుపచ్చ డబ్బా పాతవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. టైముకు దానంతటదే గంట కొట్టే డబ్బా. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్న రోజుల్లో, 2007 వేసవి సెలవుల్లో, మేం ముగ్గురం దాన్ని తయారు చేశాం. అది మొదటినుంచీ బాగా పనిచేసిందని చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది. ఎందుకు తప్పు టైము చూపించిందో తెలుసుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఈసారి మ్యాగజైనుకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. మా విజయాల గురించి రాసేకన్నా ఆ రెండేళ్ల తప్పుల గురించి రాస్తేనే ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లే పిల్లలకు పనికొస్తుందనిపించింది.

మన భాషలో ఒక తమాషా ఉంది. టైమునూ గంట అనే అంటాం, మోగేదాన్నీ గంట అనే అంటాం. డబ్బా రాకముందు ఈ రెండు గంటలూ ఒక్క మనిషి చేతిలో ఉండేవి. ఆయన మన కామాటి బాబాయ్. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, ఒక ఇనప కడ్డీ, ఆయన చేతి వాచీ, ఇవే ఆ ఏర్పాటు. తెల్లవారుజామున 5 గంటలకు మేలుకొలుపు గంట, 5.30కి స్టడీ అవర్ గంట, టిఫిన్ గంట, బడి గంట, సాయంత్రం ఆటల గంట, రాత్రి లైట్లు ఆర్పే గంట. అన్నీ కలిపి రోజుకు పద్నాలుగు. ఆయనకు జ్వరం వస్తే హాస్టల్ మొత్తం ఆలస్యమే. మేం డబ్బా చేద్దామనుకున్నది ఆయనకు కాస్త విశ్రాంతి ఇద్దామనే. చివరికి ఆయనకు తెచ్చిపెట్టింది మాత్రం వేరు. ఆ సంగతి తర్వాత చెబుతాం.

చిప్పు ఎందుకు?

డబ్బాలో పని నడిపించే మెదడు 89ఎస్52 అనే మైక్రో కంట్రోలర్. మా కాలంలో పాలిటెక్నిక్ ప్రాజెక్టు అంటే అదే. దానికీ ఒక క్రిస్టల్ ఉంటుంది, సెకనుకు కోటీ పది లక్షల సార్లు పైచిలుకు కొట్టుకుంటుంది. అలాంటప్పుడు టైము కూడా దానితోనే లెక్కపెట్టించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. లెక్కపెట్టించవచ్చు. కానీ కరెంటు పోగానే అది అంతా మరిచిపోతుంది. ఆ రోజుల్లో కోతలు ఎలా ఉండేవో పాతవాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ టైము మళ్లీ పెట్టాలంటే అంతకన్నా రైలు పట్టాయే నయం. అందుకని బటన్ సెల్ మీద బతుకుతూ టైము కాపాడే చిప్పు వేరుగా కావాలి.

మేం కొన్నది డి.ఎస్. 1307. డి.ఎస్. అంటే డల్లాస్ సెమీకండక్టర్. అవును, మనవాళ్లు బోలెడంతమంది ఉన్న ఆ డల్లాసే. 2001లో ఆ కంపెనీని మాక్సిమ్ కొన్నది, 2021లో మాక్సిమ్‌ను అనలాగ్ డివైసెస్ కొన్నది. చిప్పు మీద డి.ఎస్. అనే అక్షరాలు మాత్రం అలాగే మిగిలాయి.

ఈ చిప్పు కరెంటు లేనప్పుడు సెల్ నుంచి తీసుకునేది ఒక ఆంపియర్‌లో ఇరవై లక్షల వంతు కన్నా తక్కువ. గడియారాల్లో వేసే చిన్న లిథియం సెల్‌తో పదేళ్లు లాగుతుంది. నెలలో ఎన్ని రోజులో దానికి తెలుసు, లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 కూడా దానికదే చూసుకుంటుంది. 2100 వరకు ఆ లెక్కకు ఢోకా లేదు. వారం మాత్రం దానికి తెలియదు. ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వస్తుంది, అంతే. ఒకటి ఆదివారమా సోమవారమా అన్నది మనం నిర్ణయించి పెట్టాలి. మేం ఒక అంకె తప్పుగా పెట్టాం. దాంతో ఒక శనివారం తెల్లవారుజామున హాస్టల్‌కు ఆదివారపు గంటలు అమలయ్యాయి. ఆ రోజు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పలుగురాయిలోని గుండె

చిప్పు లెక్కపెడుతుంది సరే, దేన్ని లెక్కపెడుతుంది? దాని పక్కనే అగ్గిపుల్ల తలంత లావు, బియ్యపు గింజకన్నా కాస్త పొడవు ఉన్న వెండిరంగు గొట్టం ఒకటి, వెంట్రుకల్లాంటి రెండు కాళ్లతో ఉంటుంది. అదే క్రిస్టల్. లోపల ఉండేది క్వార్ట్జ్, అంటే పలుగురాయి. చేలగట్ల మీద తెల్లగా మెరిసే రాయే. చీకట్లో రెండింటిని రుద్ది మెరుపు చూసే ఆట అందరం ఆడిందే. అయితే గడియారాలకు వాడేది చేలో దొరికినది కాదు. ఫ్యాక్టరీలో ఎక్కువ వేడి, ఒత్తిడి పెట్టి పెంచిన శుద్ధమైన క్వార్ట్జ్.

ఈ రాయికి ఒక గుణం ఉంది. నొక్కితే దానిలో కొద్దిగా కరెంటు పుడుతుంది. కరెంటు పెడితే అది కొద్దిగా వంగుతుంది. 1880లో ఫ్రాన్సులో క్యూరీ అన్నదమ్ములు నొక్కితే కరెంటు పుట్టడాన్ని గమనించారు. ఆ ఇద్దరిలో తమ్ముడు పియరీ, మేడమ్ క్యూరీ గారి భర్త. గొట్టంలో ఉన్న పలుగురాయిని రెండు కొమ్మల శృతిదండం ఆకారంలో కోస్తారు. ఫిజిక్స్ ల్యాబులో రబ్బరు దిమ్మకు కొట్టి చెవి దగ్గర పెట్టుకునే ట్యూనింగ్ ఫోర్కే, కాకపోతే చీమంత. దానికి చిప్పు కొద్దికొద్దిగా కరెంటు అందిస్తుంటే అది సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది.

ఈ వింత అంకె ఏమిటని మేమూ తల గోక్కున్నాం. పదో తరగతి లెక్కే. 32,768ని రెండుతో భాగించండి, 16,384. మళ్లీ భాగించండి, 8,192. అలా పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది. రెండుతో భాగించడం ఎలక్ట్రానిక్స్‌లో అన్నిటికన్నా తేలిక పని. ఒక ఫ్లిప్ ఫ్లాప్ చాలు. పదిహేను ఫ్లిప్ ఫ్లాప్‌లు వరుసగా పెడితే చివరిదాని నుంచి సెకనుకు ఒక దెబ్బ వస్తుంది. 1969 డిసెంబరులో జపాన్‌వాళ్లు తెచ్చిన మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం, సీకో ఆస్ట్రాన్, 8,192 దెబ్బలతో నడిచింది. తర్వాత లోకమంతా 32,768 దగ్గర స్థిరపడింది. ఇంకా వేగంగా ఊగేది పెడితే సెల్ త్వరగా అయిపోతుంది, నెమ్మదిగా ఊగేది పెడితే రాయి పెద్దదవుతుంది.

ఇక్కడ ఒక లెక్క మనసులో పెట్టుకోండి, ముందు ముందు కావాలి. రోజుకు 86,400 సెకన్లు. క్రిస్టల్ పది లక్షల ఊపులకు 20 ఊపులు తప్పితే, వినడానికి అదేం తప్పనిపిస్తుంది. కానీ రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు, ఏడాదికి పదిన్నర నిమిషాలు. బజారులో దొరికే మామూలు క్రిస్టల్‌కు ఇంత తేడా ఉండవచ్చని తయారీదారులే రాస్తారు. అంటే మనం ఏ తప్పూ చేయకపోయినా ఇంత తేడా రావచ్చు. మేం చేసిన తప్పులు దానికి అదనం.

మొదటి ఏడాది: వెనకబడిన గంట

మొట్టమొదట డబ్బా అసలు కదలనే లేదు. టైము పెట్టాం, సెకన్లు కదల్లేదు. చిప్పు కాలిందనుకుని బెజవాడ వెళ్లి ఇంకోటి తెచ్చాం. అదీ అంతే. రెండు రోజుల తర్వాత తెలిసింది. సెకన్లు దాచుకునే గదిలో చివరి బిట్టు ఒకటి గడియారాన్ని ఆపి ఉంచే కొక్కెం. కొత్త చిప్పులో ఆ కొక్కెం వేసే ఉండవచ్చు. మన ప్రోగ్రామ్ దాన్ని తీయాలి. గొళ్లెం పెట్టిన తలుపును రెండు రోజులు తోశామన్నమాట.

కొక్కెం తీశాక సెకన్లు కదిలాయి, కానీ 9 తర్వాత 16 వచ్చింది! ఈ చిప్పు పదుల అంకెనూ ఒకట్ల అంకెనూ వేరువేరు నాలుగు బిట్ల అరల్లో దాచుకుంటుంది. మేం రెండు అరల్నీ కలిపి ఒకే సంఖ్యగా చదివాం. ఇలాంటివి ప్రోగ్రామ్ తప్పులు, వెంటనే కనబడతాయి కాబట్టి సిగ్గు తక్కువ. అసలు కష్టం కనబడని తప్పులతో.

జూన్‌లో బడి తెరిచాక డబ్బా పెట్టాం. వార్డెన్ గారు కొబ్బరికాయ కొట్టించారు. దసరా సెలవులకు మేం వచ్చేసరికి గంట ఎనిమిది నిమిషాలు వెనక ఉంది. మేలుకొలుపు ఎనిమిది నిమిషాలు ఆలస్యం అంటే స్నానాల దగ్గర తోపులాట, టిఫిన్ సగంలో లేవడం, బడిలో గుమ్మం బయట నిలబడటం. తమ్ముళ్లు మా ముందే అన్నారు, "అన్నా, పట్టా ముక్కే మేలు" అని. బాబాయ్ మాత్రం నవ్వి, "ఏరా అబ్బాయ్, నా వాచీకీ మీ డబ్బాకీ పడట్లేదురా. నాది పాతదిలే" అన్నాడు. నిజానికి ఆయన వాచీయే సరిగ్గా ఉంది. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే సంకేతం విని రోజూ దిద్దుకునేవాడు.

మేం ప్రోగ్రామ్‌ను అనుమానించాం. మూడుసార్లు తిరగరాశాం. ఎన్నిసార్లు రాసినా నెలకు రెండు నిమిషాలు వెనకే. చివరికి మా లెక్చరర్ గారు బోర్డు తిరగేసి చూసి, క్రిస్టల్ కాళ్ల పక్కన ఉన్న రెండు చిన్న కెపాసిటర్లు చూపించి, "ఇవి ఎవరు పెట్టమన్నారు?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. మైక్రో కంట్రోలర్ క్రిస్టల్‌కు రెండు కెపాసిటర్లు పెట్టాలని పుస్తకంలో ఉంది, దీనికీ క్రిస్టలే కదా అని పెట్టాం.

కెపాసిటర్ పెడితే గడియారం ఎందుకు వెనకబడుతుందో మన తోటల్లో చూడవచ్చు. రసాలు విరగకాసిన కొమ్మను ఊపి చూడండి, బరువుగా, నెమ్మదిగా ఊగుతుంది. కాయ కోశాక అదే కొమ్మ చకచకా ఊగుతుంది. క్రిస్టల్‌కు కెపాసిటర్ అలాంటి బరువే. ప్రతి క్రిస్టల్‌నూ ఇంత బరువు మోస్తూ సరిగ్గా 32,768 సార్లు ఊగేలా కోస్తారు. డి.ఎస్. 1307కి సరిపోయేది 12.5 పికోఫారడ్ల క్రిస్టల్. ఆ బరువు చిప్పు లోపలే ఉంది. బయట ఏమీ పెట్టకూడదు. మేం రెండువైపులా 22 పికోఫారడ్లు తగిలించాం. రెండూ వరుసలో పడి ఇంకో 11 పికోఫారడ్ల బరువు అదనం అయింది. పది లక్షలకు నలభై యాభై ఊపులు తగ్గాయి, అంటే రోజుకు నాలుగు సెకన్లు. మూడుసార్లు ప్రోగ్రామ్ రాసిన మా శ్రమంతా వృథా. టంకం పుల్ల పెట్టి రెండు కెపాసిటర్లు లాగేయడానికి పట్టింది ఒక్క నిమిషం. చిప్పు గురించి కంపెనీ ఇచ్చే కాగితాల్లో, అదే డేటాషీట్‌లో, ఈ మాట స్పష్టంగా ఉంది. మేం కాళ్ల బొమ్మ వరకే చూసి మిగతాది వదిలేశాం.

ఇదే తప్పు ఇంకో దారిలోనూ జరుగుతుంది. బజారులో 6 పికోఫారడ్ల క్రిస్టల్ కూడా దొరుకుతుంది, చూడటానికి రెండూ ఒకటే. అది ఈ చిప్పుకు పెడితే మోయాల్సినదానికన్నా ఎక్కువ బరువు మోసి వెనకబడుతుంది. కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

వాన, ఎండ, మోత

కెపాసిటర్లు తీశాక గడియారం కుదురుకుంది. మళ్లీ వానలు పడ్డాయి, మళ్లీ తిక్క మొదలైంది. కొన్నాళ్లు వెనక్కి, రెండుసార్లు ఏకంగా ఆగిపోయింది. మళ్లీ ఎండ కాస్తే మామూలే. క్రిస్టల్ కాళ్లలో పారే కరెంటు ఎంత సన్ననిదంటే వేలిముద్ర తడి కూడా దానికి దారి మళ్లించగలదు. టంకం వేసేటప్పుడు వాడే రోజనం బోర్డు మీద కాళ్ల మధ్య అట్టకట్టి ఉంది. ముసురుకు అది తేమ పీల్చుకుంది. పాత టూత్ బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి రుద్ది కడిగాం, ఆరాక సన్నగా వార్నిష్ పూత వేశాం. ఆ జబ్బు మళ్లీ రాలేదు.

ఇక్కడే ఇంకో మాట. క్రిస్టల్ పనిచేస్తోందా లేదా చూద్దామని దాని కాలికి మీటరు ముల్లు ఆనించకండి. ఆనించగానే ఆ బరువుకు ఊపు తగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మంచి క్రిస్టల్‌ను పాడైందని పారేసినవాళ్లలో మేమూ ఉన్నాం. దీనికోసమే చిప్పుకు ఏడో కాలు ఉంది. అడిగితే సెకనుకు ఒక దెబ్బ బయటికి పంపుతుంది. దానికి ఒక రెసిస్టర్, ఒక ఎల్.ఇ.డి. తగిలిస్తే కళ్లతోనే చూడవచ్చు.

ఎండ సంగతి వేరు. ఈ శృతిదండం రాయికి 25 డిగ్రీలంటే ఇష్టం. అక్కడ దాని ఊపు అన్నిటికన్నా ఎక్కువ. వేడెక్కినా చల్లబడినా, రెండువైపులా వెనకబడటమే, ఎప్పుడూ ముందుకు పోదు. తేడా ఎన్ని డిగ్రీలుంటే దాని వర్గానికి తగ్గట్టు నష్టం. పది డిగ్రీల తేడాకు పది లక్షలకు మూడున్నర. ఇరవై డిగ్రీలకు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, 14. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున 17 డిగ్రీలున్నా నష్టం లెక్కలోకి రాదు. వేసవిలోనే బాధ. మేం తెలివితక్కువగా క్రిస్టల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టాం. వరండాలో 42 ఉంటే డబ్బా లోపల 50. అంటే పాతిక డిగ్రీల తేడా, రోజుకు దాదాపు రెండు సెకన్ల నష్టం. ట్రాన్స్‌ఫార్మర్‌ను పైకి, బోర్డును కిందికి మార్చి, డబ్బాకు పైనా కిందా బెజ్జాలు కొట్టాం. వేడి పైకి పోతుందన్నది ఆరో తరగతి పాఠం. అయినా మొదట గుర్తు రాలేదు.

2008 శీతాకాలంలో మాత్రం విచిత్రం జరిగింది. గడియారం ముందుకు పోవడం మొదలుపెట్టింది. వెనకబడటానికి అలవాటుపడ్డ మాకు ఇది అర్థం కాలేదు. ఎండకూ చలికీ బరువుకూ వెనకబడాలి గానీ ముందుకెలా పోతుంది? ఆదివారం గంటలు తక్కువ మోగుతాయి, ఆ రోజు ముందుకు పోవడం కూడా తక్కువ. అప్పుడు తట్టింది. అంతకుముందు నెలలో పాత గంట పాడైతే పెద్ద గంట తెచ్చి పెట్టాం. దాని 230 వోల్టుల తీగ సరిగ్గా క్రిస్టల్ కింద నుంచి లాగాం. రిలే తెరుచుకున్నప్పుడల్లా నిప్పురవ్వ పుట్టి, ఆ అలజడి క్రిస్టల్ కాళ్లలోకి చేరుతోంది. చిప్పు పాపం వాటినీ ఊపులే అనుకుని లెక్కలో కలుపుకుంటోంది. గంట తీగను వేరే దారిలో తిప్పాం. రిలే కాయిల్‌కు డయోడ్, రిలే మొనల మీదుగా రెసిస్టర్, కెపాసిటర్ జత పెట్టాం. కొత్త బోర్డు గీసినప్పుడు క్రిస్టల్‌ను చిప్పుకు ఆనుకునేంత దగ్గరగా పెట్టి, చుట్టూ గ్రౌండ్ గీతతో గట్టు కట్టాం. దాని కింద ఏ తీగా పోనివ్వలేదు.

అప్పటినుంచి మా మధ్య ఇదొక సూత్రమైంది. గడియారం వెనకబడితే బరువునో తేమనో ఎండనో అనుమానించు. ముందుకు పోతే ముందు మోతను అనుమానించు. తొంభై పాళ్లు ఇది తప్పలేదు.

ఆ ఫిబ్రవరి ఉదయం

2009 ఫిబ్రవరి. పదో తరగతి పిల్లలకు ప్రీ ఫైనల్ పరీక్షలు. లెక్కల పరీక్ష రోజున తెల్లవారుజామున 5 గంటల గంట మోగలేదు. 5.30దీ మోగలేదు. పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా చదివి పడుకున్నారు, ఎవరికీ మెలకువ రాలేదు. పాల వ్యాను హారన్‌కు లేచేసరికి 6.40. తెల్లవారుజామున ఇంకోసారి తిరగేద్దామని సూత్రాలన్నీ ఉంచుకున్నవాళ్లు ఏడుపు మొహాలతో పరుగెత్తారు. పరీక్ష రాశారు, కానీ ఎలా రాశారో వాళ్లకే తెలుసు.

మాట పడింది బాబాయ్. డబ్బా మోగకపోతే పట్టా కొట్టాలి కదా, నిద్రపోయావా అని అందరి ముందూ అడిగారు. ఆయన రెండేళ్లుగా డబ్బాను నమ్మి కాస్త ఆలస్యంగా లేవడం అలవాటు చేసుకున్నాడు. అలా అలవాటు చేసుకోమని చెప్పింది మేమే. ఆయన ఒక్కమాట ఎదురు చెప్పలేదు.

మేం వచ్చి చూసేసరికి చిప్పులో టైము సెకనుతో సహా సరిగ్గా ఉంది. మరి గంట ఎందుకు మోగలేదు? దీనికి మాకు నెల పట్టింది. సంక్రాంతికి వచ్చినప్పుడు సెల్ మార్చాం. మూడు వోల్టుల లిథియం సెల్ బదులు, రీచార్జి అయ్యేదైతే ఎక్కువ కాలం వస్తుందన్న ఆశతో 3.6 వోల్టులది పెట్టాం. తప్పు అక్కడుంది. బయటి కరెంటు ఉందా పోయిందా అన్నది ఈ చిప్పు సెల్‌తో పోల్చి తేల్చుకుంటుంది. బయటి వోల్టేజి సెల్ వోల్టేజికి ఒకటింబావు రెట్లకన్నా తగ్గితే, కరెంటు పోతోందని తలచి మైక్రో కంట్రోలర్‌తో మాటలు ఆపేస్తుంది. లోపల లెక్క మాత్రం సాగుతూనే ఉంటుంది. మూడు వోల్టుల సెల్‌కు ఆ గీత 3.75 వోల్టుల దగ్గర, అంత కిందికి మన సప్లై దిగదు. 3.6కు ఆ గీత 4.5. తెల్లవారుజామున పొలాల్లో మోటార్లన్నీ తిరుగుతుంటే వరండా బల్బు ఎర్రటి దీపంలా ఉండేది గుర్తుందా? అప్పుడు మా అయిదు వోల్టులు నాలుగున్నరకు దిగిపోయేవి. చిప్పుకు టైము తెలుసు, అడిగితే చెప్పదు. ప్రోగ్రామ్‌కు అర్థంలేని అంకెలు వచ్చాయి, అందులో 5 గంటలు లేనే లేవు. మోటార్లు ఆగాక అంతా మామూలే, మేం వచ్చేసరికి జబ్బు ఆనవాలు లేదు.

సెల్ 3.5 వోల్టులు దాటకూడదని అదే డేటాషీట్‌లో ఉంది. మామూలు మూడు వోల్టుల సెల్ తిరిగి పెట్టాం, ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం పెద్దది వేశాం. ప్రోగ్రామ్‌లో ఒక ఏర్పాటు చేశాం. చిప్పు నుంచి వచ్చిన టైము నమ్మదగినట్టు లేకపోతే మైక్రో కంట్రోలర్ చివరిసారి విన్న టైము నుంచి తనే లెక్కపెట్టుకుంటూ గంట కొడుతుంది, ఒక ఎర్ర దీపం వెలిగిస్తుంది. ఇది మొదటిరోజే ఉండాల్సింది. బాబాయ్ దగ్గరికెళ్లి తప్పు మాదని చెప్పాం. వార్డెన్ గారికీ చెప్పాం. కానీ అసెంబ్లీలో, ఆయన మాట పడ్డ చోట చెప్పలేదు. ధైర్యం చాలలేదు. ఆ రోజు అక్కడున్న పదో తరగతి వాళ్లలో చాలామంది ఈ మ్యాగజైన్ చదువుతారు. వాళ్లకోసం ఇక్కడ రాస్తున్నాం. ఆ రోజు నిద్రపోయింది బాబాయ్ కాదు, మా పని.

కొత్త డబ్బా

పాత డబ్బా ఆ తర్వాత ఏళ్లతరబడి నడిచింది. ఈ వార్షికోత్సవానికి ముందు మేం ముగ్గురం మళ్లీ కలిసి కొత్త బోర్డు చేశాం. ఈసారి చిప్పు డి.ఎస్. 3231. దీనిలో క్రిస్టల్ కూడా చిప్పు కడుపులోనే ఉంటుంది. తేమ, తీగలు, వేలిముద్రల గొడవ చాలావరకు లేదు. పైగా 64 సెకన్లకోసారి తన వేడి తానే కొలుచుకుని, ఎండకు ఎంత వెనకబడాలో లెక్కకట్టి, లోపలి కెపాసిటర్ల బరువు అంతకు తగ్గట్టు మార్చుకుంటుంది. మేం తెలియక చేసిన పనినే అది తెలిసి చేస్తుందన్నమాట. సున్నా నుంచి 40 డిగ్రీల దాకా పది లక్షలకు రెండు కన్నా తేడా రాదని కంపెనీ మాట. అంటే ఏడాదికి నిమిషం. ఆ పైన వేడిలో మూడున్నర.

బజారులో ఈ చిప్పు ఒక నీలం బోర్డు మీద సెల్ హోల్డరుతో సహా వస్తుంది. వాటిలో చాలావాటికి సెల్‌ను చార్జి చేసే డయోడ్, రెసిస్టర్ ఉంటాయి. అవి రీచార్జి సెల్ కోసం. మనం సాధారణంగా పెట్టే 2032 సెల్ చార్జి చేయకూడనిది. చేస్తే ఉబ్బుతుంది, కారుతుంది. ఆ రెసిస్టర్‌ను పీకేసి వాడాలి. మేం పీకేశాం. ఒకసారి సెల్ దగ్గరే దెబ్బతిన్నవాళ్లం కదా, ఈసారి అన్నిటికన్నా ముందు చూసింది అదే.

టైము ఫోను చూసి పెట్టాం. మన దేశపు టైము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో కాపాడుతుంది. ఇక్కడో చిన్న విశేషం. ఆ టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి డిగ్రీన్నర పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారంకన్నా ఆరు నిమిషాలు ఆలస్యం. నీడ చూసి టైము చెప్పే మన తాతలకూ గడియారానికీ కుదరకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

మీ గడియారం ఎంత తప్పుతుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఫోను పక్కన పెట్టి సెకను సరిచేయండి. పది రోజులు ముట్టుకోకండి. పది రోజుల తర్వాత తేడా రాసుకుని పదితో భాగించండి. రోజుకు ఒక సెకను తేడా అంటే పది లక్షలకు 11.6. రోజూ అదే తేడా నిలకడగా వస్తుంటే ప్రోగ్రామ్‌లోనే అర్ధరాత్రి దాటాక అంత కలపడమో తీయడమో చేయవచ్చు. రోజుకో రకంగా మారుతుంటే ప్రోగ్రామ్ జోలికి పోకండి, క్రిస్టల్ దగ్గరికి వెళ్లండి. కొత్త బోర్డును మూడు నెలలు మా ఇంట్లో పెట్టి చూశాం, నాలుగు సెకన్లు తేడా వచ్చింది.

డబ్బా ఇప్పుడు పాత చోటనే ఉంది. పట్టా ముక్కను కూడా తీయవద్దని చెప్పాం, ఎర్ర దీపం వెలిగిన రోజు అదే దిక్కు. సెల్ పెట్టిన తేదీ మూత లోపల పెన్సిల్‌తో రాశాం. అయిదేళ్లకోసారి మార్చండి, రాసే ఉంది. మార్చేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉండగానే సెల్ తీయండి. హోల్డరు ఉన్న అరలో అయిదు వోల్టులే, షాకు కొట్టదు. 230 వోల్టులు పక్క అరలో ఉన్నాయి, దాని స్క్రూలు మాత్రం విప్పకండి. స్విచ్ ఆపేసి సెల్ తీస్తే టైము పోతుంది, మళ్లీ వారంతో సహా పెట్టాలి. వారం పెట్టేటప్పుడు, ఒకటి అంటే ఆదివారం.